సైకిల్‌కు బుల్లి కెమెరా: బొమ్మ నిలవాలంటే ముందు బిగింపు కుదరాలి

సైకిల్‌కు కట్టుకునే చవక బుల్లి కెమెరాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి 808 పేరుతో తిరిగే కీచెయిన్ కెమెరా. కారు రిమోట్ తాళంలా ఉంటుంది, బరువు 20 గ్రాముల లోపే. రెండోది ఎస్‌క్యూ11 పేరుతో వచ్చే చదరపు డబ్బీ. ఎటు కొలిచినా సుమారు 23 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఒక కంపెనీ పెట్టిన పేర్లు కావు. ఎన్నో చోట్ల తయారై, పైకి ఒకేలా కనిపిస్తూ, లోపల మాత్రం వేరే చిప్పులు, వేరే సెన్సర్లు ఉండే సరుకుకు ఉమ్మడి పేర్లు. అందుకే 808 వాడేవాళ్లు రకాలకు నంబర్లు ఇచ్చి విడదీసుకున్నారు. తొలి రకాలు 640×480 లేదా 720×480 బొమ్మను మోషన్ జేపెగ్‌లో, అంటే ప్రతి ఫ్రేమునూ విడి ఫొటోలా కుదించే పద్ధతిలో, రాసేవి. 16వ నంబరు రకంలో అంబరెల్లా కంపెనీ వీడియో చిప్ ఉంది, అది అసలైన 1280×720 బొమ్మను హెచ్.264 అనే మెరుగైన కుదింపు పద్ధతిలో రాస్తుంది. ఈ రెంటికీ పక్కపక్కన పెట్టి పోల్చలేనంత తేడా ఉంది. కాబట్టి ‘808 కొన్నాను’ అంటే సరిపోదు, ఏ నంబరు అన్నది తెలియాలి.

ముందే తేల్చి చెప్పేస్తే: పగటి వెలుతురులో, ముప్పావు గంట ప్రయాణంలో, ఎవరు ఎటునుంచి వచ్చారు, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారు అన్నది తెలియడానికి ఇవి చక్కగా పనికొస్తాయి. దూరంగా ఉన్న బండి నంబరు చదవడానికి పనికిరావు. చీకట్లో అసలు పనికిరావు. ఇక చవక కెమెరా కాబట్టి బొమ్మ వణుకుతుంది అనుకుని చాలామంది దాన్ని సొరుగులో పడేస్తారు. ఆ వణుకులో పెద్ద వాటా కెమెరాది కాదు, దాన్ని కట్టిన తీరుది. ఇది సరిచేసుకోవచ్చు, ఖర్చు కూడా దాదాపు ఉండదు.

పెట్టె మీద రాసిన అంకెల సంగతి చూద్దాం. ‘1080పీ’ అని రాసి ఉన్నవాటిలో చాలావాటి సెన్సర్ అంత వివరం చూడలేదు. 640×480 గానో 1280×720 గానో చూసి, దాన్ని సాగదీసి 1920×1080 ఫైలుగా రాస్తాయి. ఫైలు బరువు పెరుగుతుంది, వివరం పెరగదు. దీన్ని పట్టుకోవడం తేలిక. అచ్చు కాగితం ఒకటి గోడకు అంటించి, మీటరు దూరంలో కెమెరాను కదలకుండా పెట్టి, 720లో ఒకసారి, 1080లో ఒకసారి తీయండి. రెండింటిలోనూ ఒకే సైజు అక్షరాల దగ్గర చదవడం ఆగిపోతే 1080 ఉత్తి మాటే. 720లోనే పెట్టుకోండి, కార్డులో చోటైనా మిగులుతుంది. సెకనుకు 30 ఫ్రేములు అన్న మాటనూ ఇలాగే పరీక్షించవచ్చు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడిస్తూ కీబోర్డు మీద ఇంగ్లీషు ‘E’ మీట నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. తిరుగుతున్న చక్రాన్ని తీసిన వీడియోలో రెండు నొక్కులకు ఒకసారి మాత్రమే ఊచలు కదిలాయంటే, అసలు ఫ్రేములు పదిహేనే. మిగతావి నకళ్లు. వెలుతురు తగ్గగానే 30 నుంచి 15కు పడిపోయేవీ ఉన్నాయి, అందుకే ఈ పరీక్ష ఎండలో ఒకసారి, గదిలో ఒకసారి చేయాలి.

నంబరు ప్లేటు గురించి లెక్క వేసి చూస్తే ఆశలు తమంతట తామే సర్దుకుంటాయి. 1280 పిక్సెళ్ల వెడల్పు, 60 డిగ్రీల చూపు ఉన్న కెమెరాకు ఒక డిగ్రీకి 21 పిక్సెళ్లు వస్తాయి. అర మీటరు వెడల్పున్న ప్లేటు 5 మీటర్ల దూరంలో దాదాపు 120 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. అక్షరాలు పది అనుకుంటే ఒక్కోదానికి 12 పిక్సెళ్లు. చదవొచ్చు. 10 మీటర్లకు వెళ్తే అక్షరానికి 6 పిక్సెళ్లే మిగులుతాయి, వాటిని కుదింపు మింగేస్తుంది. ఇక కదలిక. పక్కనుంచి దూసుకుపోయే బండి మనకన్నా సెకనుకు 10 మీటర్లు వేగంగా పోతోందనుకోండి. మసక వెలుతురులో షట్టరు సెకనులో 30వ వంతు తెరిచి ఉంటే ఆ బండి ఒక్క ఫ్రేములోనే 33 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ప్లేటులో సగానికి మించి అలుక్కుపోయినట్టే. వెడల్పు చూపు, 120 డిగ్రీలు, అని గొప్పగా రాసినవి ఈ పనికి ఇంకా నాసి. చూపు రెట్టింపైతే పిక్సెళ్లు సగం అవుతాయి. నంబరు కావాలంటే దాన్ని మనమే గట్టిగా పైకి చదవడం మంచి పద్ధతి. మైకు దాన్ని రాసుకుంటుంది. ఇది చిన్న ఉపాయమే అయినా చాలా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి, వణుకుకు వద్దాం. ఈ సెన్సర్లు బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా తీయవు. పైవరుస నుంచి కిందివరుస దాకా ఒక్కో వరుసే చదువుతూ పోతాయి. చవక వాటిలో ఆ చదువు పూర్తవడానికి దాదాపు ఒక ఫ్రేమంత కాలం, అంటే సెకనులో 30వ వంతు పడుతుంది. సైకిల్ గంటకు 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 7 మీటర్లు పోతుంది. రోడ్డు మీద 5 సెంటీమీటర్లకు ఒక గరుకు ఉంటే సెకనుకు 140 దెబ్బలు. అంటే ఒక ఫ్రేము చదివేలోపు కెమెరా నాలుగైదు సార్లు పైకీ కిందికీ అదిరింది. అందుకే నిట్టనిలువు స్తంభం పాములా మెలికలు తిరిగి కనిపిస్తుంది, రోడ్డు జున్నుగడ్డలా ఊగుతుంది. కంప్యూటర్‌లో వీడియోను నిలకడ చేసే సాఫ్ట్‌వేర్ చెయ్యి వణుకును తగ్గిస్తుంది కానీ ఈ మెలికలను పెద్దగా తీయలేదు. ఒకే ఫ్రేములో పై భాగం ఒకవైపు, కింది భాగం ఇంకోవైపు కదిలాయి కాబట్టి. దీనికి మందు కెమెరాకు అదురు చేరకముందే వేయాలి.

చాలామంది మొదట చేసేది కెమెరా కింద మెత్తటి స్పాంజి పెట్టడం. చాలాసార్లు బొమ్మ ఇంకా పాడవుతుంది. కారణం బరువు. 20 గ్రాముల వస్తువును స్పాంజి మీద పెడితే అది స్ప్రింగు మీద కూర్చున్న గోలీలా సొంతంగా ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు వేగం సరిగ్గా రోడ్డు అదురుతో కలిసిందంటే అదురు తగ్గకపోగా రెట్టింపవుతుంది. అదే స్పాంజి మీద బరువు నాలుగింతలు చేస్తే ఊపు వేగం సగానికి పడిపోతుంది. రోడ్డు అదురు దానికి అందనంత పైన ఉండిపోతుంది. కాబట్టి స్పాంజి పెట్టాలంటే బరువూ కలపాలి. చేయవలసింది ఇది: అరచేతిలో సగం ఉండే ఇనప పట్టీ, 60 నుంచి 80 గ్రాములది, తీసుకుని కెమెరాను దాని మీద రెండు వైపులా అంటుకునే టేపుతో గట్టిగా అతికించాలి. పట్టీకీ కెమెరాకూ మధ్య మెత్తనిది ఏదీ ఉండకూడదు. ఆ పట్టీ కింద ఒక సెంటీమీటరు మందం స్పాంజి, లేదా పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగైదు పొరలు పెట్టి హ్యాండిల్‌కు ట్యూబు పట్టీలతోనే చుట్టాలి. జిప్ టైలతో బిగించి లాగితే స్పాంజి అణిగిపోయి రాయిలా మారుతుంది, అప్పుడు అది లేనట్టే. ట్యూబు పట్టీని సాగదీసి చుట్టినా దానికి ఇంకా కొంత ఆట మిగులుతుంది. అక్కడే దాని ప్రయోజనం.

ఎక్కడ కట్టామన్నదీ అంతే ముఖ్యం. హ్యాండిల్ చివర, బ్రేకు పిడి పక్కన కట్టడం అన్నింటికన్నా తప్పు. గొట్టం చివరికి వెళ్లేకొద్దీ ఊగు ఎక్కువ. నడుమ, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ పక్కనే కట్టాలి. స్టెమ్ మీదే చోటుంటే ఇంకా మంచిది. ముందు ఫోర్కుకు కట్టేవాళ్లూ ఉన్నారు. రోడ్డు దెబ్బ నేరుగా అక్కడికే వస్తుంది, పైగా బురద. వద్దు. టైర్లలో గాలి కొద్దిగా తగ్గించినా బొమ్మ తేడా కనిపిస్తుంది. కానీ టైరు అంచు మీద రాసిన కనీస ఒత్తిడి కన్నా దిగకూడదు, గుంతలో పడితే రిమ్ముకూ టైరుకూ మధ్య ట్యూబు నలిగి రెండు చీలికలు పడతాయి.

నిలకడ విషయంలో హెల్మెట్ మీది కెమెరాను ఏ హ్యాండిల్ బిగింపూ గెలవదు. మోచేతులు, నడుము, మెడ కలిసి అదురును చాలావరకు మింగేస్తాయి. తొక్కేవాళ్లు ఎటు చూశారో అదీ నమోదవుతుంది. అయితే తల తిప్పిన ప్రతిసారీ బొమ్మ తిరుగుతుంది, చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. హెల్మెట్‌కు కెమెరాను స్క్రూ వేసి బిగించకండి, డ్రిల్లు పెట్టకండి. పడినప్పుడు గట్టిగా అంటుకుని ఉన్న ముక్క తలకు లోపలికి గుచ్చుకునే ప్రమాదం ఉంది. వెల్క్రో పట్టీ మీద నిలిపితే దెబ్బకు ఊడి పోతుంది. అలా ఊడిపోవాలి కూడా.

వెనక్కి చూసేలా సీటు కింది గొట్టానికి కట్టేవాళ్లకు బొమ్మ బాగానే వస్తుంది, ముఖ్యంగా సీటు మీద మనిషి బరువు ఉంటుంది కాబట్టి. మడ్గార్డు లేని సైకిలైతే వాన రోజున అయిదు నిమిషాల్లో లెన్సు మీద బురద చుక్క పడుతుంది, మిగతా ప్రయాణమంతా ఆ చుక్కే కనిపిస్తుంది.

ఎక్కడ కట్టినా ఒక తాడు తప్పనిసరి. 808కు కీచెయిన్ రింగు దూర్చే రంధ్రం ఉంటుంది. దాంట్లోంచి గట్టి నైలాన్ దారం పోనిచ్చి గొట్టానికి విడిగా ముడి వేయాలి. టేపు ఎండకు మెత్తబడి జారినా కెమెరా చక్రంలో పడదు. దారం పొడవు చక్రాన్ని అందుకోనంత పొట్టిగా ఉండాలి.

లెన్సు కోణం. ఈ కెమెరాలు బొమ్మ మొత్తం సగటు చూసి వెలుతురు సర్దుకుంటాయి. ఆకాశం సగం నిండితే రోడ్డు నల్లబడుతుంది, నీడలో ఉన్న బండి మరకలా మిగులుతుంది. ఆకాశం పైన మూడో వంతుకు మించకుండా వంచండి. ముందు చక్రం అంచు అడుగున కాస్త కనిపిస్తే కోణం సరిగ్గా ఉన్నట్టు. తెర లేదు కాబట్టి ఊహించి వంచడం కుదరదు. అర నిమిషం తీసి, కార్డు ఫోన్‌లో పెట్టి చూసి, సరిచేసి, కుదిరిన చోట గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకోండి. చాలా కెమెరాల్లో లెన్సును ఫ్యాక్టరీలోనే మూడు నాలుగు డిగ్రీలు వంకరగా అతికిస్తారు. పెట్టెను రసమట్టంతో సరిచూసినా బొమ్మ ఒరిగే ఉంటుంది. బొమ్మను చూసి సరిచేయాలి, పెట్టెను చూసి కాదు.

బటన్ల దగ్గర పోయినన్ని వీడియోలు ఇంకెక్కడా పోవు. తొలి 808లలో పవర్ బటన్‌ను రెండు సెకన్లు నొక్కితే పసుపు లైటు వెలుగుతుంది. అప్పుడు షట్టర్ బటన్‌ను మళ్లీ రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లైటు మూడుసార్లు మెరిసి ఆరిపోతుంది. ఆరిపోతేనే రికార్డు అవుతున్నట్టు. వెలుగుతూ ఉంటే రికార్డు కావడం లేదు. మామూలుగా మన బుద్ధికి తోచేదానికి ఇది సరిగ్గా తలకిందులు. షట్టర్‌ను చటుక్కున నొక్కి వదిలితే వీడియో బదులు ఒక్క ఫొటో తీసి ఊరుకుంటుంది. చేతి తొడుగులు వేసుకుంటే నొక్కు ఎంతసేపు పడిందో వేలికి తెలియదు. కాబట్టి ఇంటి దగ్గరే, తొడుగు వేసుకోకముందే ఆన్ చేసి, లైటు చూసి, ఆ తరువాతే బయల్దేరాలి. ఎస్‌క్యూ11లో రంగులు వేరు, మోడ్‌కు ఒక రంగు. కాగితం మీద రాసిచ్చింది అన్నింటికీ సరిపోదు కాబట్టి ఒక్కో లైటుకు ఏ ఫైలు వచ్చిందో పరీక్షించి మీరే రాసుకోవాలి. దానిలో ‘కదలిక పసిగట్టి తీసే’ మోడ్ ఉంటుంది. సైకిల్ మీద అంతా కదలికే, అది అక్కర్లేదు. చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు రోడ్డు మీదకు చేరవు. గదిలో ఒకటి రెండు మీటర్లకే వాటి శక్తి చాలు. బ్యాటరీని మాత్రం తింటాయి.

బ్యాటరీ సాధారణంగా 200 మిల్లీయాంపియర్ గంటలది. 100 నిమిషాలు అని రాసి ఉన్నా, కొత్తగా ఉన్నప్పుడు 50, 60 నిమిషాలని లెక్క వేసుకోండి. చలిలో ఇంకా తక్కువ. పవర్ బ్యాంకుతో సాగదీయవచ్చు, కానీ కొనేముందు ఒకటి తేల్చుకోవాలి: కేబుల్ తగిలించి ఉండగా మీ కెమెరా రికార్డు చేస్తుందా, లేక చార్జింగ్‌కే పరిమితమవుతుందా? రెండు రకాలూ ఉన్నాయి. రికార్డు చేసేదైతే మామూలు పవర్ బ్యాంకు చాలు. అయితే తీసుకునే కరెంటు మరీ తక్కువైతే కొన్ని బ్యాంకులు ‘ఏమీ తగిలించి లేదు’ అనుకుని ఆరిపోతాయి, ముందు అరగంట ఇంట్లో పరీక్షించండి. కేబుల్ మొన దగ్గర అదురుకు సందు ఏర్పడుతుంది. మొన నుంచి రెండు సెంటీమీటర్ల దగ్గర కేబుల్‌ను పెట్టెకే ఒక చుట్టు టేపుతో కట్టేయాలి. లేదంటే ముందు పోయేది కెమెరాలోని సాకెట్టే. దాని అతుకు బోర్డు నుంచి లేచిందంటే చార్జింగ్ శాశ్వతంగా పోయినట్టు. చక్రం డైనమోతో నడపాలని చూసేవాళ్లకు ఒక మాట. దాని నుంచి వచ్చేది ఏసీ, దాన్ని డీసీగా మార్చే రెక్టిఫయర్, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ కావాలి, పైగా ఎర్ర లైటు దగ్గర ఆగగానే కరెంటు ఆగుతుంది. మధ్యలో ఒక చిన్న బ్యాటరీ లేకుండా అది కుదరదు.

మెమరీ కార్డు 32 జీబీ దాటకూడదు. కార్డు మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరు: అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, ఈ కెమెరాలు చాలావరకు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. వేగం గురించి కంగారు అక్కర్లేదు. సెకనుకు 8 మెగాబిట్ల వీడియో అంటే ఒక మెగాబైటు, నిమిషానికి 60 మెగాబైట్లు, గంటకు 3.6 జీబీ. క్లాస్ 4 కార్డు కూడా సెకనుకు 4 మెగాబైట్లు రాస్తుంది. అసలు బెడద దొంగ కార్డులది, 32 అని ముద్రించి లోపల 8 మాత్రమే ఉండేవి. అవి నిండాక రాస్తున్నట్టే నటిస్తాయి, ఫైళ్లు తెరుచుకోవు. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు అంతా ఒకసారి నింపి తిరిగి చదివిస్తే నిజం తేలుతుంది. ఇది తప్పక చేయండి. కొన్ని వారాలకొకసారి కార్డును పూర్తిగా ఫార్మాట్ చేస్తే మధ్యమధ్యలో ఫ్రేములు ఎగరడం తగ్గుతుంది.

పడిపోవడం, గుద్దుకోవడం జరిగినప్పుడు రెండు ప్రమాదాలు ఉంటాయి. కార్డు నొక్కితే బయటికొచ్చే స్ప్రింగు గూడులో ఉంటుంది, కింద పడిన దెబ్బకు అది ఎగిరి ఎక్కడో పడుతుంది. కావలసింది సరిగ్గా ఆ క్షణమే కాబట్టి, గూడు మీద అడ్డంగా ఒక టేపు ముక్క ఎప్పుడూ ఉండాలి. రెండోది, కరెంటు మధ్యలో తెగితే ఫైలు మూసుకోదు. ఏవీఐ ఫైలుకు సూచిక చివరలో రాస్తారు. అది లేకపోతే చాలా ప్లేయర్లు తెరవవు, కానీ వీఎల్‌సీ సూచికను తిరిగి కట్టి ఆడిస్తుంది. ఎంపీ4 అయితే సమాచారమంతా చివరి తలకట్టులోనే ఉంటుంది కాబట్టి రక్షించడం చాలా కష్టం. కెమెరాలో 3 లేదా 5 నిమిషాల ముక్కలుగా రాసే వీలుంటే అదే పెట్టుకోండి, పోయినా చివరి ముక్కే పోతుంది.

తేదీ, గంట బొమ్మ మూలన ముద్ర పడతాయి. వాటిని కార్డులో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి సరిచేస్తారు. ఫైలు పేరు, అంకెల మధ్య గీతలు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటాయి, ఒక్క చుక్క తేడా వచ్చినా కెమెరా పట్టించుకోదు. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే గడియారం మొదటికి వస్తుంది. తప్పు తేదీ ముద్ర ఉన్న వీడియో సాక్ష్యంగా చూపాల్సి వస్తే అదే మొదటి ప్రశ్న అవుతుంది.

బొమ్మ అంతా ఎప్పుడూ మసకగా ఉంటే లెన్సును ఫ్యాక్టరీలో సరైన దూరానికి తిప్పకుండా జిగురు పెట్టారని అర్థం. 808లో ఇది బాగుచేసుకోవచ్చు. చిన్న స్క్రూలు విప్పి మూత తీస్తే లెన్సు గొట్టం చుట్టూ ఎండిన జిగురు చుక్క కనిపిస్తుంది. దాన్ని బ్లేడు కొసతో గీకి తీసి, మొనలేని పట్టుకారుతో లెన్సును ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, 5 నుంచి 10 మీటర్ల దూరంలోని బోర్డును తీసి చూడాలి. బాగుపడితే అదే వైపు ఇంకొంచెం, పాడైతే వెనక్కి. కుదిరాక గోళ్ల రంగు చుక్క ఒకటి వేస్తే కదలదు. లోపలి బ్యాటరీ పలుచని రేకు సంచి. బ్లేడు దాన్ని తాకకూడదు, గాటు పడితే మంట లేస్తుంది.

మైకు సూది రంధ్రం. గాలి హోరు తప్ప ఏమీ వినిపించకపోతే దాని మీద గుడ్డతో చేసిన అంటుకునే టేపు రెండు పొరలు వేయండి. మాట వినిపిస్తుంది. వానకు ఇవి ఏమాత్రం తట్టుకోవు. పలుచని ప్లాస్టిక్ చుట్టి లెన్సు దగ్గర మాత్రం గుండ్రంగా కోయాలి. లెన్సు మీద ప్లాస్టిక్ ఉంటే ఎదురు దీపాలన్నీ చెదిరిపోతాయి.

‘పాత ఫోన్ కట్టేస్తే పోలే’ అనేవాళ్లకు జవాబు ఉంది. ఫోన్ల కెమెరాల్లో బొమ్మను నిలకడ చేసే కదిలే భాగాలు ఉంటాయి. ఎక్కువ శక్తిగల మోటారు సైకిళ్ల అదురు ఐఫోన్ కెమెరాలను దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. సైకిల్ అదురు అంత కాకపోయినా, ఈ బుల్లి కెమెరాల్లో కదిలే భాగమే లేదు, పాడవడానికి అక్కడ ఏమీ లేదు. ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే మోబియస్ అనే బుల్లి కెమెరా మేలు. 38 గ్రాములు, అసలైన 1080పీ, 520 మిల్లీయాంపియర్ గంటల బ్యాటరీ. దాని బరువు కూడా వణుకు తగ్గించడానికి సాయపడుతుంది. రాత్రిళ్లు తిరిగేవాళ్లు, నంబరు కచ్చితంగా కావాలనుకునేవాళ్లు ఈ తరగతిలో వెతకకండి.

నల్ల పెట్టెను ఎండలో నిలిపిన సైకిల్ మీద వదలొద్దు. వారానికొకసారి పెట్టె అతుకును గోరుతో తడమండి. అతుకు విచ్చుకుని సందు కనిపించినా, మూత కాస్త ఉబ్బినట్టు చేతికి తెలిసినా బ్యాటరీ లోపల గ్యాసు పట్టిందన్నమాట. చార్జింగ్ పెట్టకండి, నొక్కి అణచకండి. ఇంటి బయట మట్టి కుండలాంటి దాంట్లో ఉంచి, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.